పొట్టలోని పొరతో రక్తశుద్ధి: పెరిటోనియల్ డయాలసిస్ కథ

మనిషి పొట్ట లోపలి గోడకు, పేగులకు, కాలేయానికి పైపూతలా ఒక పలుచని పొర అంటుకుని ఉంటుంది. వైద్యులు దాన్ని పెరిటోనియం అంటారు. మడతలన్నీ విప్పి పరిస్తే పెద్దవాళ్లలో దాని వైశాల్యం ఒకటి నుంచి రెండు చదరపు మీటర్ల దాకా వస్తుంది. పేగులు ఒరుసుకోకుండా జారుతూ కదలడానికి ఏర్పడిన పొర ఇది. రక్తాన్ని శుభ్రం చేయడం దాని పని కాదు. కానీ దాని నిండా వెంట్రుకకన్నా సన్నని రక్తనాళాలు అల్లుకుని ఉంటాయి. కిడ్నీలు పూర్తిగా పని మానేసినవాళ్లలో ఆ పొరకే వడపోత పని అప్పగించే చికిత్స పేరు పెరిటోనియల్ డయాలసిస్.

పద్ధతి చెప్పడానికి తేలిక. బొడ్డుకు కాస్త కింద, పక్కగా ఒక మెత్తని సిలికాన్ గొట్టం అమరుస్తారు. దానిలోంచి రెండు లీటర్ల ద్రావణాన్ని పొట్టలోకి దించి నాలుగు నుంచి ఆరు గంటలు అలాగే ఉంచుతారు. యూరియా, క్రియాటినిన్, పొటాషియం రక్తంలో పేరుకుపోయి ఉంటాయి, ద్రావణంలో ఉండవు. అందుకని అవి పొరను దాటి ద్రావణంలోకి వచ్చేస్తాయి. ఒంట్లో చేరిన నీటిని తీయడానికి ద్రావణంలో గ్లూకోజ్ కలుపుతారు. మాగాయ కోసం మామిడి ముక్కలకు ఉప్పు పట్టించి ఉంచితే తెల్లారేసరికి జాడీలో ఊట దిగినట్టే, గ్లూకోజ్ కూడా రక్తంలోని అదనపు నీటిని పొర అవతలికి లాగుతుంది. 1.5, 2.5, 4.25 శాతం అని మూడు గాఢతల్లో బ్యాగులు దొరుకుతాయి. కాళ్లు వాచి ఎక్కువ నీరు తీయాల్సినప్పుడు గాఢత ఎక్కువున్న బ్యాగు వాడతారు. గడువు అయ్యాక మురికి ద్రావణాన్ని బయటికి దించి కొత్తది ఎక్కిస్తారు. లోపల రెండు లీటర్లు పోస్తే బయటికి అంతకంటే ఎక్కువే రావాలి. ఎంత ఎక్కువ వచ్చిందో రోగి ప్రతిసారీ తూచి పుస్తకంలో రాసుకోవాలి.

డయాలసిస్ అనగానే తెలుగు పాఠకుడికి కళ్ల ముందు మెదిలేది ఇది కాదు. ఆస్పత్రి మంచం, పక్కన యంత్రం, చేతికి రెండు లావాటి సూదులు, ఎర్రటి గొట్టాలు. అది హీమోడయాలసిస్. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు రక్తాన్ని ఒంట్లోంచి బయటికి తీసి, కృత్రిమ ఫిల్టర్ గుండా తిప్పి తిరిగి ఎక్కిస్తారు. నిమిషానికి 500 మిల్లీలీటర్ల చొప్పున లెక్క వేస్తే ఒక్క విడతకే 120 లీటర్ల శుద్ధిచేసిన నీళ్లు కావాలి. పొట్టలో చేసే డయాలసిస్‌కు యంత్రం అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు, సూది లేదు. రోజుకు ఎనిమిది లీటర్ల ద్రావణం చాలు. ఇంత సులువైన చికిత్స వాడకంలోకి రావడానికి ఎందుకంత కాలం పట్టిందన్నదే దీని చరిత్రలో అసలు విషయం. పొర రక్తాన్ని శుద్ధి చేయగలదని వైద్యులకు ఎప్పుడో తెలుసు. వాళ్లకు చేతకానిది పొట్టలోకి దారి వేయడం, ఆ దారి వెంట సూక్ష్మక్రిమి రాకుండా చూడడం.

పొట్టలోకి ద్రవం ఎక్కించిన తొలి ప్రయత్నానికి కిడ్నీలతో సంబంధమే లేదు. 1744లో ఇంగ్లండ్‌లో క్రిస్టఫర్ వారిక్ అనే శస్త్రవైద్యుడు జలోదరంతో బాధపడుతున్న ఒక స్త్రీ పొట్టలోని నీరు తీసి, దాని స్థానంలో ఖనిజజలం, ఎర్ర ద్రాక్ష సారాయి కలిపి పోశాడు. సారాయి కారేచోట పొరను బిగించి నీరు ఊరకుండా చేస్తుందని ఆయన ఊహ. రోగికి భరించరాని నొప్పి వచ్చినా చివరికి బతికి బయటపడిందని నమోదైంది. ఆ సంగతి విన్న స్టీఫెన్ హేల్స్ రెండు గొట్టాలు పెట్టి ఒకదాంట్లోంచి ఎక్కిస్తూ రెండోదాంట్లోంచి దించమని సలహా ఇచ్చాడు. సారాయి సంగతి అటుంచితే, ఆ సలహాను రెండు వందల ఏళ్ల తర్వాత వైద్యులు నిజంగానే పాటించారు.

పొర స్వభావం గురించిన లెక్కలు పంతొమ్మిదో శతాబ్దంలో తేలాయి. 1877లో జర్మనీలో వెగ్నర్ జంతువుల పొట్టలోకి చిక్కని చక్కెర ద్రావణం ఎక్కిస్తే అది పరిమాణంలో పెరుగుతుందని చూపించాడు. నేటి బ్యాగులో గ్లూకోజ్ ఉండడానికి మూలం అదే. 1894లో స్టార్లింగ్, టబ్బీ అనే ఇద్దరు ఇంగ్లండ్‌లో రక్తానికీ పొట్టలోని ద్రవానికీ మధ్య పదార్థాల మార్పిడి ఎలా జరుగుతుందో పరిశీలించారు. 1923 వచ్చేసరికి అమెరికాలో పుట్నమ్ బతికున్న పెరిటోనియాన్ని డయాలసిస్ పొరగా వర్ణించాడు. అదే ఏడాది జర్మనీలో గియోర్గ్ గాంటర్ ఒక అడుగు ముందుకేశాడు. మూత్రనాళాలు కట్టేసిన గినీ పందులపై ప్రయోగాలు చేసి, తర్వాత గర్భాశయ క్యాన్సర్ వల్ల మూత్రం ఆగిపోయిన ఒక స్త్రీకి పొట్టలోకి లవణ ద్రావణం ఎక్కించాడు. ఆమెకు కాస్త తెలివి వచ్చింది. ఆ మెరుగు నిలవలేదు. కిడ్నీ వైఫల్యానికి మనిషిపై జరిగిన తొలి పెరిటోనియల్ డయాలసిస్‌గా చరిత్ర దీన్నే లెక్కిస్తుంది.

తర్వాతి ఇరవై ఏళ్లలో అక్కడా ఇక్కడా కొందరు వైద్యులు పట్టు వదలకుండా ప్రయత్నించారు. ఎక్కువమంది రోగులు దక్కలేదు. రబ్బరు గొట్టాలు, గాజు గొట్టాలు పూడుకుపోయేవి. ద్రావణం పాళ్లు తప్పి ఊపిరితిత్తుల్లో నీరు చేరేది. అన్నిటికీ మించి పొట్టలో చీము పట్టేది. 1946లో బోస్టన్‌లో ఫ్రాంక్, సెలిగ్మన్, ఫైన్ అనే ముగ్గురు, సల్ఫా మందు వికటించి కిడ్నీలు ఆగిన రోగిని ఈ పద్ధతితో కాపాడారు. అప్పటికి పెన్సిలిన్ వచ్చేసింది, అదే వాళ్లకు అండ. 1959లో లాస్ ఏంజెలస్ వైద్యుడు మోర్టన్ మాక్స్‌వెల్ పనిని బాగా సరళం చేశాడు. లీటరు సీసాల్లో తయారుగా ఉన్న ద్రావణం, ఒకే ప్లాస్టిక్ గొట్టం. రెండు లీటర్లు పోయడం, అరగంట ఉంచడం, అవే సీసాలను నేల మీద పెట్టి కిందికి దించడం. ఇదే పని ఒకటిన్నర రోజు దాకా సాగేది. దీంతో నర్సు సాయముంటే ఏ ఆస్పత్రైనా డయాలసిస్ చేయగలిగింది. కాకపోతే ఇది పాము కాటు, ప్రసవ సమస్యల వంటి వాటి వల్ల కిడ్నీలు తాత్కాలికంగా ఆగినవాళ్లకే. జీవితాంతం కావాల్సినవాళ్లకు ప్రతిసారీ పొట్టలో పొడవడం ఎలా?

ఆ ప్రశ్నకు జవాబు సియాటిల్‌లో దొరికింది. నెదర్లాండ్స్‌లో ఈ చికిత్స మీదే పరిశోధన చేసిన ఫ్రెడ్ బోయెన్ 1962లో అక్కడికి చేరి, రాత్రంతా దానంతటదే ద్రావణం మార్చే యంత్రాన్ని తయారుచేశాడు. గొట్టం మాత్రం ప్రతిసారీ కొత్తగా గుచ్చాల్సిందే. ఆయన తర్వాత ఆ పని చూసిన హెన్రీ టెంక్‌హాఫ్ రోగి ఇంటికే వెళ్లి గొట్టం గుచ్చి, యంత్రం తగిలించి వచ్చేవాడు. అలా తిరిగి తిరిగి విసిగినవాడికే కాబోలు, 1968లో శాశ్వత గొట్టం తట్టింది. మెత్తని సిలికాన్ గొట్టానికి రెండు చోట్ల డాక్రాన్ బట్ట పట్టీ చుట్టాడు. చర్మం కింద ఉన్న కండ ఆ బట్ట పోగుల్లోకి పెరిగి గొట్టాన్ని బిగించేస్తుంది. బయటి క్రిమికి దారి మూసుకుపోతుంది. టెంక్‌హాఫ్ కాథెటర్ పేరు, రూపం చిన్నచిన్న మార్పులతో ఇప్పటికీ అవే. హైదరాబాద్ ఆస్పత్రుల్లో ఈ రోజు పెడుతున్నదీ దాని సంతతే.

అసలు మలుపు టెక్సాస్ రాష్ట్రం ఆస్టిన్‌లో వచ్చింది. 1975లో జాక్ మాన్‌క్రీఫ్ అనే వైద్యుడి దగ్గర ఒక రోగికి చేతి రక్తనాళాలు హీమోడయాలసిస్‌కు పనికిరాలేదు. వేరే ఊరికి మకాం మార్చి చికిత్స చేయించుకోవడానికి అతను ఒప్పుకోలేదు. మాన్‌క్రీఫ్‌తో కలిసి పనిచేస్తున్న రాబర్ట్ పొపోవిచ్ వైద్యుడు కాదు, ఇంజినీరు. ఆయన కాగితం మీద లెక్క వేశాడు. అరగంటకోసారి మారిస్తే ద్రావణం సగం ఖాళీగానే బయటికి వస్తుంది. నాలుగైదు గంటలు ఉంచితే యూరియా రక్తంలో ఎంత ఉందో ద్రావణంలోనూ అంతే అవుతుంది. అలా పూర్తిగా నిండిన ద్రావణం రోజుకు పది లీటర్లు, దానితో పాటు ఒంట్లోంచి లాగిన రెండు లీటర్ల నీరు తీస్తే చాలు, ఏ రోజు మలినం ఆ రోజు పోతుంది. అంటే రెండేసి లీటర్లు రోజుకు ఐదుసార్లు. మధ్యలో మనిషి లేచి తిరగొచ్చు, వండుకోవచ్చు, ఆఫీసుకు వెళ్లొచ్చు. 1976లో కృత్రిమ అవయవాల నిపుణుల సంఘానికి ఈ సంగతి రాసి పంపితే సమావేశంలో చెప్పడానికి చోటివ్వలేదు. కార్ల్ నోల్ఫ్ బృందంతో కలిసి 1978లో తొమ్మిదిమంది రోగుల అనుభవాన్ని ప్రచురించాక గానీ ప్రపంచం చూడలేదు. అప్పటి నుంచే దాని పేరు కంటిన్యువస్ యాంబులేటరీ పెరిటోనియల్ డయాలసిస్. మన దగ్గర రోగులు, నర్సులు సీఏపీడీ అంటారు, ఇంకా చనువుగా ‘బ్యాగులు’ అంటారు.

ఆస్టిన్ పద్ధతిలో ద్రావణం గాజు సీసాల్లో వచ్చేది. ఖాళీ సీసా విప్పి, నింపుకున్నాక మళ్లీ తగిలించే ప్రతిసారీ గొట్టం గాలికి తెరుచుకుంటుంది. రెండు మూడు నెలలకోసారి పొట్టలో ఇన్‌ఫెక్షన్ తప్పేది కాదు. కెనడాలో మాత్రం ప్లాస్టిక్ బ్యాగులు అప్పటికే దొరుకుతున్నాయి. టొరంటోలో గ్రీకు మూలాలున్న డాక్టర్ దిమిత్రియోస్ ఒరియోపౌలోస్ ద్రావణం లోపలికి దిగాక ఖాళీ బ్యాగును విప్పకుండా మడిచి నడుముకు కట్టుకోమన్నాడు. కింద పెడితే అదే బ్యాగులోకి మురికి నీరు దిగుతుంది. విప్పే సార్లు సగానికి తగ్గాయి, ఇన్‌ఫెక్షన్లూ బాగా తగ్గాయి. 1980ల మొదట్లో ఇటలీలో బువోన్‌క్రిస్టియాని బృందం ఇంగ్లిష్ వై ఆకారపు గొట్టం తెచ్చింది. ఒక కొమ్మకు నిండు బ్యాగు, రెండో కొమ్మకు ఖాళీ బ్యాగు. తగిలించగానే కాస్త కొత్త ద్రావణాన్ని నేరుగా ఖాళీ బ్యాగులోకి వదిలి గొట్టాన్ని కడిగి, తర్వాతే పొట్టలోకి తెరుస్తారు. చేతి నుంచి క్రిమి అంటినా అది పొట్టలోకి కాక బయటికి కొట్టుకుపోతుంది. చూడడానికి ఇంత చిన్న ఉపాయం. కొత్త యాంటీబయాటిక్‌లన్నీ కలిసి కాపాడినవాళ్లకంటే ఇది ఎక్కువమందిని కాపాడిందేమో అనిపిస్తుంది.

బోయెన్ కాలం నాటి గదంత యంత్రం ఇప్పుడు సూట్‌కేసంత పెట్టె. సైక్లర్ అనే ఈ పరికరం రోగి నిద్రపోతున్న ఎనిమిది పది గంటల్లో నాలుగైదు సార్లు ద్రావణం మార్చేస్తుంది. దీన్ని ఆటోమేటెడ్ పెరిటోనియల్ డయాలసిస్, పొట్టిగా ఏపీడీ అంటారు. 1990లలో బ్రిటన్ నుంచి వచ్చిన ఐకోడెక్స్‌ట్రిన్ అనే పిండిపదార్థపు ద్రావణం గ్లూకోజ్‌లా త్వరగా రక్తంలోకి ఇంకిపోదు కాబట్టి రాత్రంతా నీటిని లాగుతూనే ఉంటుంది.

మన దేశంలో పొట్ట డయాలసిస్ సీఏపీడీ కంటే చాలా ముందే తెలుసు. కృత్రిమ కిడ్నీ యంత్రాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగిన రోజుల్లో అతిసారం, పాము కాటు, ప్రసవానంతర సెప్టిక్ వంటి వాటితో మూత్రం ఆగినవాళ్లకు గట్టి ప్లాస్టిక్ గొట్టం గుచ్చి, సీసాలు వేలాడదీసి ప్రాణం నిలబెట్టేవారు. బోధనాస్పత్రుల్లో పనిచేసిన పాత తరం డాక్టర్లకు ఈ పని హౌస్‌సర్జన్ రోజుల్లోనే అలవాటు. ఇంటి దగ్గర చేసుకునే సీఏపీడీ భారత్‌లో 1991లో మొదలైంది. చెన్నై నెఫ్రాలజిస్టు జార్జి ఏబ్రహం ఈ రంగానికి ఆద్యుల్లో ఒకరు. మొదట్లో ద్రావణం విదేశాల నుంచి ఓడల్లో వచ్చేది. తర్వాత ఇక్కడా తయారీ మొదలయ్యాక బ్యాగులు జిల్లా పట్టణాల దాకా చేరాయి. తెలుగు నేల మీద హైదరాబాద్ నిమ్స్, ఉస్మానియా, తిరుపతి స్విమ్స్ నెఫ్రాలజీ విభాగాలు ఈ చికిత్సను చేపట్టి, తమ రోగుల ఫలితాలను వైద్య పత్రికల్లో ప్రచురించాయి. హైదరాబాద్ నగరం పడమటి అంచున గచ్చిబౌలి, కొండాపూర్, మాదాపూర్ వైపు కార్పొరేట్ ఆస్పత్రులు లేచింది ఆ తర్వాతి కాలంలో.

ఐటీ కంపెనీలున్న ఆ ప్రాంతంలో సీఏపీడీ రోగి దినచర్య ఎలా ఉంటుందో చూస్తే చికిత్స స్వభావం బాగా అర్థమవుతుంది. పొద్దున ఆరింటికి ఒక మార్పు, మధ్యాహ్నం ఒకటి, సాయంత్రం ఒకటి, పడుకునే ముందు ఒకటి. ఒక్కోదానికి అరగంట నుంచి నలభై నిమిషాలు. మార్చే ముందు ఫ్యాన్, ఏసీ ఆపాలి, కిటికీ తలుపులు మూయాలి, ముక్కుకు మాస్కు కట్టాలి, సబ్బుతో చేతులు తోముకోవాలి. హైదరాబాద్ మే నెలలో ఫ్యాన్ ఆపిన గదిలో నలభై నిమిషాలంటే చిన్న సంగతి కాదు. బ్యాగును ఒంటి వేడికి తేవాలి, అదీ పొడి వేడితోనే. వేడినీళ్ల బకెట్‌లో ముంచితే మూత దగ్గర తడి చేరి క్రిమికి దారి దొరుకుతుంది. గోడకు ఎత్తుగా ఒక కొక్కెం, నేల మీద ఒక టబ్బు, మధ్యలో కుర్చీ. లోపలికి, బయటికి నడిపేది భూమ్యాకర్షణే. మధ్యాహ్నపు మార్పు కోసం ఆఫీసులో తలుపు వేసుకోగల ఒక శుభ్రమైన చిన్న గది దొరికితే ఉద్యోగానికి అడ్డు లేదు. అమెరికా వేళల్లో రాత్రి పనిచేసేవాళ్లు సైక్లర్‌ను పగటి నిద్రకు మార్చుకోవచ్చు. యంత్రానికి కావాల్సింది ఎనిమిది గంటల పడక, సూర్యుడు ఎక్కడున్నాడన్నది దానికి పట్టదు. ఇక సరుకు. నెలకు 90 నుంచి 120 బ్యాగులు, రెండు లీటర్లవి. దాదాపు పావు టన్ను బరువు అట్టపెట్టెల్లో ఇంటికి వస్తుంది. రెండు పడకగదుల అపార్ట్‌మెంటులో ఒక గోడ మొత్తం వాటికే పోతుంది. లిఫ్ట్ లేని మూడో అంతస్తు అద్దె ఇంట్లో ఇదే పెద్ద సమస్య.

ఉద్యోగం చేస్తూ ఈ చికిత్సతో బతకవచ్చనడానికి హైదరాబాద్‌లో అందరికీ తెలిసిన ఉదాహరణ కమల్ షా. 1997లో పై చదువులకు అమెరికా బయల్దేరబోతుండగా ఆయన కిడ్నీలు పాడయ్యాయి. సాఫ్ట్‌వేర్ రంగంలో పనిచేస్తూ కొన్నేళ్లు పెరిటోనియల్ డయాలసిస్ మీద, తర్వాత ఇంట్లోనే రాత్రిపూట హీమోడయాలసిస్ మీద గడిపిన సంగతులు ఆయనే బహిరంగంగా రాశారు. విక్రమ్ వుప్పల, సందీప్ గుడిబండలతో కలిసి ఆయన స్థాపించిన నెఫ్రోప్లస్ 2010లో హైదరాబాద్‌లో మొదటి కేంద్రం తెరిచి దేశంలోనే పెద్ద డయాలసిస్ సంస్థగా ఎదిగింది. అయితే ఆ సంస్థ ఎదిగింది ప్రధానంగా హీమోడయాలసిస్ కేంద్రాలతోనే. ఇంటి నుంచి పని అనే మాట ఇంతగా అలవాటైన నగరంలో ఇంటి డయాలసిస్ మాత్రం అరుదుగానే ఉండిపోయింది.

భయానికి మొదటి కారణం ఇన్‌ఫెక్షన్. దాని పేరు పెరిటోనైటిస్. బయటికి దిగిన ద్రావణం మామూలుగా లేత పసుపు రంగులో తేటగా ఉంటుంది. బ్యాగు కింద అచ్చు కాగితం పెడితే అక్షరాలు చదవగలగాలి. నీరు మబ్బుగా మారి అక్షరాలు మసకబారితే, కడుపునొప్పి లేకున్నా, ఆ బ్యాగు పట్టుకుని వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ప్రయోగశాలలో మైక్రోలీటరుకు వందకు మించి తెల్ల కణాలు, అందులో సగానికి పైగా న్యూట్రోఫిల్‌లు కనిపిస్తే ఇన్‌ఫెక్షన్‌గా లెక్క. యాంటీబయాటిక్‌ను ద్రావణంలోనే కలిపి పొట్టలోకి ఎక్కిస్తారు. ఎక్కువ సందర్భాల్లో మంచం మీద పడాల్సిన పని లేకుండానే తగ్గుతుంది. ఫంగస్ సోకితే మాత్రం గొట్టం తీసేయాల్సిందే. మబ్బు పట్టిన ప్రతి బ్యాగూ ఇన్‌ఫెక్షన్ కాదు. రక్తపోటుకు వాడే కొన్ని కాల్షియం చానల్ బ్లాకర్ మాత్రలతోనూ నీరు తెల్లబడుతుంది, అలాంటి కేసును నిమ్స్ వైద్యులు పత్రికలో నివేదించారు కూడా. అంతర్జాతీయ పెరిటోనియల్ డయాలసిస్ సంఘం నేడు పెట్టిన ప్రమాణం రోగికి ఏడాదికి 0.4 సార్లకు మించకూడదని, అంటే రెండున్నరేళ్లకు ఒకటి. ఆస్టిన్ గాజు సీసాల కాలంతో పోల్చుకుంటే ఇది ఎక్కడో ఉంది. గొట్టం పెట్టాక మొదటి రెండు వారాలు నర్సు ఎంత ఓపికగా నేర్పిందన్న దాని మీదే ఇన్‌ఫెక్షన్ రాకుండా ఉండడం చాలావరకు ఆధారపడుతుంది. మన ఇళ్లలో ఆ పాఠం రోగితో పాటు భార్యో, తల్లో, కూతురో కూడా నేర్చుకుంటారు. వాళ్ల శ్రమ ఏ బిల్లులోనూ కనిపించదు.

తిండి విషయంలో రెండు చికిత్సలకూ తేడా ఉంది. హీమోడయాలసిస్ రోగికి అరటిపండు, కొబ్బరినీళ్లు నిషిద్ధం. పొట్ట డయాలసిస్‌లో పొటాషియం రోజూ పోతూనే ఉంటుంది కాబట్టి పండ్లు, కూరలకు కొంత వెసులుబాటు ఉంటుంది, రక్తపరీక్ష చూశాకే అనుకోండి. మాంసకృత్తులు మాత్రం ద్రావణంతో రోజుకు ఐదు నుంచి పది గ్రాముల దాకా పోతాయి. అందుకని గుడ్డులోని తెల్లసొన, చేప, పప్పు పెంచమంటారు. పచ్చడి, అప్పడం, ఊరగాయ విషయంలో రాజీ లేదు. ఉప్పు పెరిగితే దాహం, దాహంతో నీరు, నీరు తీయడానికి చిక్కని బ్యాగు, దాంతో ఒంట్లోకి మరింత చక్కెర. మధుమేహం ఉన్నవాళ్లకు ఇన్సులిన్ మోతాదు పెంచాల్సి రావడం మామూలే. తెలుగు రాష్ట్రాల్లో కిడ్నీలు పాడవడానికి మధుమేహమే పెద్ద కారణం కావడంతో ఈ లెక్క చాలామందికి వర్తిస్తుంది.

వాడకం తక్కువగా ఉండడానికి భయం ఒక్కటే కారణం కాదు. ప్రభుత్వ పథకాలు రూపుదిద్దుకున్నది యంత్రం చుట్టూ. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో వచ్చిన ఆరోగ్యశ్రీ డయాలసిస్‌ను పేదవాడి అందుబాటులోకి తెచ్చింది. అంతకు ముందు నాలుగు నెలలు చేయించుకుని పొలం అమ్ముకుని మానేసినవాళ్లు కోకొల్లలు. తెలంగాణ ఏర్పడ్డాక నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆస్పత్రులు కేంద్రాలుగా జిల్లా, ఏరియా ఆస్పత్రుల్లో డయాలసిస్ యూనిట్లు తెరిచారు. ఒకసారి వాడిన ఫిల్టర్‌ను మళ్లీ వాడని పద్ధతి కూడా అక్కడ పెట్టారు. ఇవన్నీ మంచి పనులే. కానీ విడతకు ఇంత అని ఆస్పత్రికి చెల్లించే పద్ధతిలో ఇంటికి బ్యాగులు పంపే చికిత్స ఇమడదు. 2016 బడ్జెట్‌లో కేంద్రం జాతీయ డయాలసిస్ కార్యక్రమం ప్రకటించినప్పుడు దేశంలో ఏటా 2.2 లక్షలమంది కొత్తగా కిడ్నీ వైఫల్యం చివరి దశకు చేరుతున్నారని చెప్పింది. ఆ కార్యక్రమమూ హీమోడయాలసిస్‌తోనే మొదలైంది. పెరిటోనియల్ డయాలసిస్‌కు మార్గదర్శకాలు 2019లో వచ్చాయి. సొంత డబ్బుతో కొనుక్కుంటే బ్యాగుల ఖర్చు నెలకు 20 వేల రూపాయలు దాటుతుంది. కార్పొరేట్ ఉద్యోగి ఆరోగ్య బీమాలోనూ ఆస్పత్రిలో జరిగే డయాలసిస్‌కు ఉన్నంత స్పష్టత ఇంటి చికిత్సకు అన్ని పాలసీల్లో ఉండదు. చేరే ముందే ఆ నిబంధన చదువుకోవడం మేలు. ఇంకో కారణం, రోగులు డాక్టర్ దగ్గరికి ఆలస్యంగా రావడం. ఆయాసంతో, వాంతులతో అర్ధరాత్రి ఎమర్జెన్సీకి వచ్చినవాడికి మెడలో గొట్టం వేసి యంత్రం మీద పెడతారు. మొదటి పరిచయం దానితోనే కాబట్టి తర్వాతా అక్కడే ఉండిపోతారు.

విధానం మారితే వాడకమూ మారుతుందనడానికి ఆసియాలోనే ఉదాహరణలున్నాయి. హాంకాంగ్ 1985 నుంచి ప్రభుత్వ ఆస్పత్రుల్లో ముందు పెరిటోనియల్ డయాలసిస్ అనే నియమం పెట్టింది. అక్కడ డయాలసిస్ రోగుల్లో అత్యధికులు దాని మీదే ఉన్నారు. థాయ్‌లాండ్ 2008లో అదే బాట పట్టి, 2022లో రోగి ఇష్టానికి వదిలేసింది. వదిలేశాక జనం యంత్రాల వైపు మళ్లారు. బలవంతం చేస్తే ఒక చిక్కు, వదిలేస్తే ఇంకో చిక్కు.

మళ్లీ మన దగ్గరికి వస్తే, హైదరాబాద్ హైటెక్ సిటీ రోగికి ఆస్పత్రి పది నిమిషాల దూరంలో ఉంటుంది. పొట్ట డయాలసిస్ వల్ల ఎక్కువ లాభపడగలిగేది నిజానికి శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి చోట్ల. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి, జీడి తోటల మధ్య దశాబ్దాలుగా కారణం తేలని కిడ్నీ జబ్బు కుటుంబాలను తినేస్తోంది. మధుమేహం, రక్తపోటు లేనివాళ్లకూ వస్తోంది. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం డయాలసిస్ రోగులకు నెలకు 10 వేల రూపాయల పింఛను పెట్టింది. 2023 డిసెంబరు 14న పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. వంశధార నీటిని ఇళ్లకు చేర్చే పథకమూ అప్పుడే అందుబాటులోకి వచ్చింది. వారానికి మూడు రోజులు ఆటోలో యూనిట్‌కు వెళ్లి రావడమంటే ఆ మూడు రోజుల కూలీ పోయినట్టే, తోడు వచ్చిన మనిషిదీ పోయినట్టే. ఇంటికి బ్యాగులు వస్తే ఆ రోజులు మిగులుతాయి. అందుకు శుభ్రమైన ఒక గది, చేతులు కడుక్కోవడానికి కుళాయి, పెట్టెలు ఎండకు తగలని చోటు, ఫోన్ చేస్తే పలికే శిక్షణ పొందిన నర్సు ఉండాలి.

ఈ చికిత్స అందరికీ సరిపడదు. పొట్టలో పలుమార్లు ఆపరేషన్లు జరిగి పేగులు అతుక్కున్నవాళ్లకు, సరిచేయలేని హెర్నియా ఉన్నవాళ్లకు, చూపు ఆనక చేతులు వణికి సాయం చేసేవాళ్లూ లేనివాళ్లకు డాక్టర్లు వద్దంటారు. సరిపడినవాళ్లలోనూ జీవితాంతం నడుస్తుందన్న హామీ లేదు. మొదటి కొన్నేళ్లు మిగిలిన కొద్దిపాటి మూత్రాన్ని ఇది హీమోడయాలసిస్ కంటే బాగా నిలుపుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ గ్లూకోజ్ తాకిడికి, వచ్చిపోయిన ఇన్‌ఫెక్షన్లకు పొర గట్టిపడి నీటిని లాగడం తగ్గిస్తుంది. చాలా అరుదుగా అది పేగుల చుట్టూ గుల్లలా బిగుసుకుంటుంది. పొర శక్తిని కొలవడానికి 1987లో త్వార్దోవ్‌స్కీ రూపొందించిన నాలుగు గంటల పరీక్షను నేటికీ వాడతారు. ఫలితం దిగజారుతుంటే సూదులు గుచ్చడానికి వీలుగా చేతి రక్తనాళాలను కలిపే ఫిస్టులా ముందే వేయించి హీమోడయాలసిస్‌కు మారుస్తారు. రక్తసంబంధీకులు కిడ్నీ ఇవ్వగలిగితే, లేదా అవయవదాన పథకమైన జీవన్‌దాన్ జాబితాలో వంతు వస్తే, సీఏపీడీ రోగికీ మిగతావారిలాగే మార్పిడి చేస్తారు. ఆపరేషన్‌కు ముందు పొట్టలోని ద్రావణం దించేస్తారు. కొత్త కిడ్నీ కుదురుగా పనిచేస్తోందని కొన్ని వారాలు చూసుకున్నాకే గొట్టం తీస్తారు.